తడిసిన తాడు

మృగశిల కొండ కొమ్మున ఉన్న ఆ కోట దూరం నుంచి చూస్తే బోర్లించిన పాలగిన్నెలా తెల్లగా, అమాయకంగా కనిపిస్తుంది. దగ్గరికి వెళ్తే గానీ ఆ తెలుపు సున్నానిది కాదనీ, ఎముకలదనీ తెలియదు. ద్వారానికి రెండు వైపులా ఏనుగు దంతాలు నిలబెట్టి, వాటి చుట్టూ పగడాల తీగలు పాకించారు. పైనున్న కమానులో నెమలి మెడ రంగు రాళ్లు, ఆ రాళ్ల నడుమ రెప్ప వేయని గాజుకళ్లు. కోట బురుజుల మీద ఇనుప ముక్కుల గద్దలు వరుసగా కూర్చుని, దారిన వచ్చేవాళ్లను తలలు తిప్పి చూస్తున్నాయి.

పగలు మూడో జాము సగమయ్యే వేళకు ఇద్దరు బాటసారులు ఆ ద్వారం ముందుకు వచ్చి నిలబడ్డారు. ఒకడు దేవరాతుడు. భుజాన కావిడి, కావిడికి వేలాడే ఇత్తడి తక్కెళ్లు, పెంచిన గడ్డం. చూసినవాళ్లెవరైనా ఊరూరా త్రాసులు అమ్ముకునేవాడనే అనుకుంటారు. రెండో వ్యక్తి తలపాగా బిగించి మగవేషం వేసుకున్న నూకాలు.

నూకాలు తండ్రి పోలయ్య కుముదగిరి రాజ్యంలో రాజుగారి నౌకను నడిపే సరంగు. మూడు నెలల కిందట నందక నదిలో ఆ నౌక నీటి కింది బండకు కొట్టుకుని పగిలిపోయింది. దాది, పసివాడైన రాజకుమారుణ్ణి ఒక చెక్క మీదికి ఎక్కించి తను మునిగిపోయింది. తెడ్డు వేసే ఇద్దరు కూడా పోయారు. నదిలో లోతు చాలినంత ఉందని కొలతరి చెప్పాడు కాబట్టి, తప్పు నడిపినవాడిదేనని సభ తీర్మానించింది. పోలయ్యను మృగశిల కోటలో ఉండే మాంత్రికుడు కీలభైరవుడికి అప్పగించారు. తండ్రిని విడిపించుకుందామని ఒంటరిగా బయలుదేరిన నూకాలుకు అడవి దారిలో ఈ త్రాసులాయన కలిశాడు. తనూ ఆ కోటకే వెళ్తున్నానన్నాడు. ఎందుకని ఆమె అడగలేదు. పదకొండు రోజులు కలిసి నడిచారు. పదకొండు రోజులూ ఆమె తన జొన్నరొట్టెను తుంచి, పెద్ద ముక్క అతనికే పెట్టింది.

నౌక బయలుదేరక ముందు నదిలో లోతు కొలిచిన కొలతరి అతడేనని ఆమెకు తెలియదు.

కీలభైరవుడి షరతు దేశాలన్నిటికీ తెలిసిందే. అతను చూపించిన మూడింటిని తప్పు లేకుండా కొలిచినవాడు కోరిన ఖైదీని తీసుకుపోవచ్చు. ఒక్కటి తప్పినా, కొలిచినవాడు కూడా ఖైదీల వరుసలో రాయి అయి నిలబడాలి. సరంగు పోలయ్యను విడిపించడానికి వచ్చానని దేవరాతుడు చెప్పగానే గద్దలు ఒక్కసారి రెక్కలు విదిల్చాయి. తలుపులు చప్పుడు లేకుండా తెరుచుకున్నాయి.

లోపల ఉన్న మందిరాన్ని చూసి దేవరాతుడి అడుగు ఆగిపోయింది. భూమ్మీద ఎన్ని రకాల కొలత సాధనాలున్నాయో అన్నీ అక్కడ ఉన్నాయి. ధాన్యపు బస్తాలు తూచే నిలువెత్తు కాటాలు, రత్నాలు పొదిగిన తక్కెళ్లు, కంసాలి త్రాసులు, గిద్ద నుంచి కుంచం దాకా వెండి కొలపాత్రలు, ఇనుప కోలలు, మూలమట్టాలు, తాపీవాళ్ల మట్టపు గుండ్లు, కాలం కొలవడానికి అడుగున చిల్లి పెట్టిన ఘటికా పాత్రలు. వాటి మధ్య ఉతికిన తెల్లటి పంచె కట్టుకుని, మెత్తటి గుడ్డతో ఒక్కొక్క పడికట్టు రాయినీ తుడుస్తున్నాడు ఒక ముసలివాడు. జలుబు చేసినట్టుంది, ముక్కు ఎర్రబడి ఉంది. అతడే కీలభైరవుడు.

చావు లేని రసం కాస్తున్నాననీ, కళ్లు మసకబారడం వల్ల చెయ్యి నిలకడగా ఉన్న కొలతరి కావాలనీ అతను మర్యాదగానే చెప్పాడు. తర్వాత పైకప్పు నుంచి వేలాడుతున్న కంచు గంట చూపించాడు. కొలత సరైనదైతే ఆ గంట తనంతట తాను మోగుతుంది.

"ఇక్కడ ఒక పద్ధతి ఉంది," అన్నాడు గుడ్డ మడత పెడుతూ. "సాధనం ముందు చెప్పాలి, సంఖ్య తరువాత. దేనితో కొలిచావో చెప్పకపోతే నీ సంఖ్య నాకు అక్కర్లేదు."

అది కుముదగిరి సభలో కూడా ఉన్న ఆచారమే. కొలతరి అయినవాడు ఎదుటివాళ్లు అడగకుండానే ముందు సాధనం పేరు చెప్పి, ఆ తర్వాతే సంఖ్య చెప్పాలి. తరతరాలుగా ఎవరూ దాన్ని తప్పలేదు. దేవరాతుడు తప్పాడు. ఆ రోజు లోతు కొలిచే వెదురు గడ పడమటి రేవు కొట్టంలో ఉండిపోయింది. ఎండ మండుతోంది. చేతిలో మూరకొక ముడి వేసిన జనపనార తాడు ఉంది. దాన్నే నీళ్లలోకి దించి, నీటి కింది బండ మీద ఎనిమిది ముడులు లెక్కపెట్టి, సభలో మాత్రం "వెదురు గడ, ఎనిమిది మూరలు" అన్నాడు. నౌక అడుగు నీటిలోకి దిగేది ఏడున్నర మూరలు. ఆ పొద్దున కొలతకు బయలుదేరుతుంటే, ఎండన పడి పోతున్నావు నాయనా అని పిలిచి ముంతెడు మజ్జిగ ఇచ్చింది ఆ దాదే.

మొదట కీలభైరవుడు గండభేరుండపు నూగు ఈక ఒకటి తెచ్చి బల్ల మీద పెట్టి, దీని బరువెంతో చెప్పమన్నాడు. పక్కనే మాణిక్యాలు పొదిగిన బంగారు తక్కెడను కావాలనే ముందుకు జరిపాడు. దేవరాతుడు దాని వైపు చూడలేదు. మూల నుంచి చిలుము పట్టిన కంసాలి త్రాసు ఒకటి తెచ్చుకున్నాడు. అలాగే తూచకుండా, ముందు ఖాళీ పళ్లాలను అటుది ఇటు, ఇటుది అటు మార్చి చూశాడు. ఎడమది వెంట్రుకవాసి బరువు. కుడిదాని అడుగున చిటికెడు మైనం అంటించి ముల్లు నిలబెట్టాడు. కిటికీలు మూయించాడు. అందర్నీ ఊపిరి బిగబట్టమన్నాడు. సరిగ్గా అప్పుడే మాంత్రికుడికి తుమ్ము వచ్చింది. ఈక ఎగిరిపోయి దీపం మీద పడబోతే నూకాలు ఒక్క గెంతులో అందుకుంది. ముసలివాడు క్షమించమన్నట్టు చెయ్యి ఊపి, ముక్కు మూసుకుని గోడ వైపు తిరిగి నిలబడ్డాడు.

"కంసాలి త్రాసు. రెండు గురివింద గింజలు, ఒక వడ్లగింజ," అన్నాడు దేవరాతుడు.

గంట మోగింది.

రెండోది రసం కాగుతున్న కాగు. గచ్చు గదిలో ఏడు పొయ్యిరాళ్ల మీద కొండంత కాగు, అందులో నల్లటి రసం బుడగలు కక్కుతోంది. ప్రతి బుడగలోనూ ఒక ముఖం తేలి, నోరు తెరిచి, పగిలిపోతోంది. దాని వేడి ఎంతో చెప్పాలి. వేడిని తూచే కాటా లేదు, వేడిని కొలిచే మూరకోల లేదు. దేవరాతుడు చుట్టూ చూసి, నాలుగు గుంటలున్న పొడుగు కాడ ఇనుప గరిటె తీసుకున్నాడు. ఒక గుంటలో మైనం, ఒకదానిలో లక్క, ఒకదానిలో తగరం, చివరిదానిలో సీసం వేసి గరిటెను రసం మీద ఆనించి పట్టుకున్నాడు. మైనం వెంటనే నీరైంది. లక్క జారింది. తగరం ఎంతకీ కదల్లేదు. గంధకపు పొగ కళ్లలోకి కొడుతోంది, ఇనుప కాడ కాలి అరచెయ్యి చుర్రుమంటోంది. ఇప్పుడు తీసేసి తగరం కరగలేదని చెప్పవచ్చు. ఆ రోజు రేవులో కూడా ఇలాగే తొందరపడ్డాడు. పళ్లు బిగించి అలాగే పట్టుకున్నాడు.

నూకాలు చటుక్కున తలపాగా విప్పి, నీళ్ల కుండలో ముంచి, అతని చెయ్యికీ కాడకీ మధ్య తడిగుడ్డ చుట్టింది. ఆమె జడ వీపు మీద జారిపడింది. తగరం మెల్లగా మెరిసి, కుంగి, కరిగింది. సీసం మాత్రం రాయిలాగే ఉండిపోయింది.

"నాలుగు గుంటల గరిటె. తగరానికి ఎక్కువ, సీసానికి తక్కువ."

గంట రెండోసారి మోగింది. మాంత్రికుడు గంట వైపు చూడలేదు. నూకాలు ముఖాన్నే చూస్తున్నాడు.

"సరంగు కూతురివా? ముక్కు అచ్చం అదే," అన్నాడు. "రా అమ్మా. మీ నాయన ఉన్నచోటే మూడో పరీక్ష."

కోట వెనక, కొండ కడుపులో, ఆకాశానికి తెరుచుకుని నల్లటి మడుగు ఒకటి ఉంది. దాని చుట్టూ వందల రాతి మనుషులు. ప్రతివాడి కాళ్ల కింద ఒక పలక, పలక మీద అతని నేరం చెక్కి ఉంది. నేరం చెక్కిన పలక నేరస్థుణ్ణి పాదాల నుంచి పట్టుకుని పైకి పాకి, ఒక్క పగటిలో రాయిని చేసేస్తుంది. పోలయ్యను పలక మీద నిలబెట్టి నలభై రోజులైంది. ఇంకా మోకాళ్ల దాకానే రాయి. తన పలకకు ముసలితనం వచ్చిందేమోనని కీలభైరవుడు దిగులుగా చెప్పి, అందుకే ఈ పొద్దు సూర్యుడు ఎదుటి శిఖరం దాటేసరికి పని ముగిసేలా మంత్రం రెట్టించానన్నాడు. సూర్యుడు శిఖరానికి జానెడు పైన ఉన్నాడు.

పోలయ్య కూతుర్ని చూసి ఏడవలేదు. చిక్కిపోయావన్నాడు. దారిలో తిండి దొరికిందా అని అడిగాడు. ఆమె త్రాసులాయన్ని చూపించి, ఈ బాబు తోడు లేకపోతే రాలేకపోయేదాన్నని చెప్పింది. పోలయ్య రెండు చేతులూ ఎత్తి దేవరాతుడికి దండం పెట్టాడు. దేవరాతుడు ఆ చేతుల వైపు చూడలేక మడుగు వైపు తిరిగాడు.

మడుగు లోతు చెప్పాలి. ఒడ్డున వెదురు గడ, ఇనుప గొలుసు, జనపనార తాడు ఉన్నాయి. పద్దెనిమిది మూరల గడ నిలువునా మునిగినా అడుగు తగల్లేదు. గొలుసు దించితే అది ఏటవాలుగా వెళ్లి గోడకు అంటుకుంది. మడుగు గోడలన్నీ సూదంటురాళ్లే. ఇక మిగిలింది తాడు. దేవరాతుడు తాడును చుట్టచుట్టి నీళ్లలో నానేసి, బాగా తడిశాక పైకి లాగి, పాత ముడులు విప్పేసి, తన కావిడిలోని మూరెడు ఇనుపకోల పక్కన పెట్టుకుంటూ తడి తాడు మీదే కొత్త ముడులు వేయసాగాడు. కొస నూకాలు పట్టుకుంది.

"మా అయ్య కూడా ఇలాగే నానబెట్టీవోడు బాబూ," అంది. "పొడి తాడు నీట్లో దిగితే కురచయిపోద్ది. ముడులు దగ్గరయిపోయి, ఏడు మూరల్లోతుని ఎనిమిదని అబద్దం సెప్తాది. ఆ దినం కొలతరి గడతో కొలిసేనన్నాడు గాబట్టి సరిపోయింది. నేకపోతే నేనా తాడు మీదే అనుమానపడుదును."

దేవరాతుడి చేతిలో ముడి జారిపోయింది. మళ్లీ వేశాడు. రాయి కట్టి తాడు దించాడు. అది నిట్టనిలువుగా దిగి అడుగున ఆగింది.

"తడిపి ముడులు వేసిన తాడు. ఇరవై రెండు మూరలు."

గంట మోత కోటలోంచి ఇక్కడికి వినిపించింది. నూకాలు అక్కడే కూలబడి, రెండు చేతులతో ముఖం కప్పుకుంది. దేవరాతుడి గుండె తేలికపడింది. పోలయ్య బతికాడు. ఇక ఏమీ చెప్పక్కర్లేదు. కొండ దిగాక ఏదో ఒక దారి చీలికలో వీళ్లకు వీడ్కోలు చెప్పి వెళ్లిపోవచ్చు. ఆ ఆలోచన వచ్చినందుకు అతనికి తన మీద తనకే ఏవగింపు కలిగింది. అయినా దాన్ని వదిలిపెట్టలేదు.

కీలభైరవుడు మాట తప్పేవాడు కాడు. పలకను మూడుసార్లు తట్టి, విడిచిపెట్టమని ఆజ్ఞాపించాడు. పలక విడవలేదు. ముసలివాడు ముఖం ముడుచుకుని మరో మంత్రం చదివాడు. రాయి కిందికి దిగడానికి బదులు పటపటమంటూ పోలయ్య తొడల మీదికి ఎగబాకింది.

"నా మాట నేను నిలబెట్టుకున్నాను. పలకే వినడం లేదు," అన్నాడు మాంత్రికుడు, నిజంగానే నొచ్చుకుని. "దీని మీద చెక్కిన నేరానికి ఎవడో ఒకడు కావాలి. లేదా ఆ నేరం ఇతనిది కాదని రుజువు కావాలి. రెండూ నా దగ్గర లేవు."

సూర్యుడి అంచు శిఖరాన్ని తాకింది. రాయి పోలయ్య నడుముకు వచ్చింది. నూకాలు తండ్రి కాళ్లను గోళ్లతో గీరుతోంది. గోళ్లు చిట్లి రక్తం వస్తున్నా ఆమెకు తెలియడం లేదు. పోలయ్య ఆమె తల మీద చెయ్యి వేసి, ఇంటికి వెళ్లాక పెద్ద వల ఎండలో వేయమనీ, తడి మీద మడతపెడితే చివికిపోతుందనీ చెప్తున్నాడు.

దేవరాతుడు కావిడి కింద పడేశాడు. వెళ్లి ఆ పలక మీద, పోలయ్య పక్కన నిలబడ్డాడు.

"సాధనం తాడు," అన్నాడు. "పొడి తాడుకు వేసిన ముడులు. సంఖ్య ఎనిమిది అన్నాను. గడతో కొలిచానని సభలో అబద్ధం చెప్పాను. కుముదగిరి కొలతరిని నేనే."

నూకాలు తల ఎత్తింది. ఆమె చేతులు తండ్రి కాళ్ల మీదే ఆగిపోయాయి. పోలయ్య అతని ముఖంలోకి చూశాడు.

"గడ ఎక్కడుండిపోనాది బాబూ, ఆ దినం?"

"పడమటి రేవు కొట్టంలో."

"అరఘడియ నడకే," అన్నాడు పోలయ్య. కోపంగా కాదు. దారి తెలిసినవాడు దూరం చెప్పినట్టు చెప్పాడు. ఆ మాట తర్వాత దేవరాతుడికి రాయి అయిపోవడమే సుఖమనిపించింది.

పలక గుర్రుమంది. పోలయ్య నడుము మీది రాయి గుల్ల సున్నంలా పెళ్లలు పెళ్లలుగా రాలిపోయింది. మొక్కలా ఊగిపోతున్న ఆ మనిషిని నూకాలు పట్టుకుని కిందికి లాక్కుంది. దేవరాతుడు కాలు కదిపి చూశాడు. కదల్లేదు. చెప్పుల అంచులు అప్పటికే పలకలో కలిసిపోయాయి.

కీలభైరవుడి ముఖం వెలిగిపోయింది. ఇది తనకు మరీ మంచిదన్నాడు. సరంగును నిక్షేపంగా తీసుకుపొమ్మని నూకాలుతో చెప్పాడు. కొలతరిని మాత్రం నడుము దాకా రాయి చేసి, చేతులు ఖాళీగా ఉంచుతాడట. రసం పక్వానికి రావడానికి ఇంకా మూడు వందల ఏళ్లు పడుతుంది. అన్నాళ్లూ ఈ చేతులు తూస్తూనే ఉంటాయి. చెప్తూ చెప్తూ మళ్లీ తుమ్మాడు. గుడ్డ కోసం రొంటిన వెతుక్కున్నాడు.

ఆలోగా నూకాలు లేచింది. మొలలోంచి చేపలు కోసే కత్తి తీసి దేవరాతుడి దగ్గరికి వచ్చింది. అతను కళ్లు మూసుకున్నాడు. ఎలా వస్తే అలా రానీ అనుకున్నాడు. పాదాల దగ్గర తోలు తెగిన చప్పుడు రెండుసార్లు వినిపించింది. చెప్పులు పలకకు వదిలేసి, ఆమె అతని జుట్టు పట్టుకుని ఒక్క ఊపున కిందికి ఈడ్చింది.

"నిన్ను ఒగ్గేసినాననుకోకు," అంది పళ్ల మధ్య నుంచి. "నువ్విక్కడ రాయైపోతే మా అయ్య తప్పు సేసినోడిగానే మిగిలిపోతాడు. ఇప్పుడు సెప్పిన మాట రాజు ముందల సెప్పాల. అందాకా నువ్వు సావకూడదు."

మాంత్రికుడు గుడ్డ తీసి చూసేసరికి పలక ఖాళీగా ఉంది. అతను అరవలేదు. వేలు ఒకటి పైకెత్తాడు. కోట బురుజుల మీద నుంచి ఇనుప ముక్కుల గద్దలన్నీ ఒక్కసారి లేచాయి. ఆకాశం నల్లబడింది. మొదటి గద్ద దూసుకొచ్చి పక్కనున్న రాతిమనిషి తల ఎగరగొట్టింది. రెండోది దేవరాతుడి భుజం చీరుకుంటూ పోయింది. వచ్చిన దారిలో తలుపులు మూసుకుపోయాయి.

పోలయ్య మడుగు ఉత్తరపు మూల వైపు చెయ్యి చూపించాడు. నలభై రోజులూ అతనికి చూడ్డానికి ఆ నీళ్లు తప్ప వేరే ఏమీ లేదు. పైనుంచి రాలిన ఆకు ప్రతిదీ మెల్లగా ఆ మూలకే చేరి, అక్కడ సుడి తిరిగి, కొండ కిందికి పోతుంది. ఒక్కటీ తిరిగి రాలేదు. లోపల ఏరు ఉంది. ఎక్కడికి పోతుందో తెలియదు. పోతుందని మాత్రం తెలుసు.

తనకు ఈత రాదని దేవరాతుడు అప్పుడు చెప్పాడు. ఏళ్ల తరబడి నదులు కొలిచిన మనిషి నోట ఆ మాట విని, అంత ఆపదలోనూ పోలయ్య ముఖం మీద ఏదో కదిలి మాయమైంది. నవ్వే అయి ఉండాలి. నూకాలు నవ్వలేదు. మెడ పట్టుకుని దేవరాతుణ్ణి నీళ్లలోకి తోసి, తండ్రితో పాటు తనూ దూకింది.

చల్లదనం మీద పడి ఊపిరి ఆగింది. ఇరవై రెండు మూరల నీళ్లు కాళ్ల కింద ఉన్నాయని అతనికి ఖచ్చితంగా తెలుసు. తను కొలిచిందే. సుడి ముగ్గుర్నీ గిర్రున తిప్పి కొండ నోట్లోకి లాగేసింది. వెలుగు పోయింది. వెనక గద్దల ముక్కులు రాతికి కొట్టుకుంటున్న చప్పుడు దూరమైంది. ముందెక్కడో నీళ్లు పై నుంచి కిందికి పడుతున్న హోరు మొదలై, క్షణక్షణానికీ పెరుగుతోంది. పోలయ్య గొంతు, తల వంచుకోండని కేక వేసింది.

దేవరాతుడు ఒకసారి మునిగాడు, రెండోసారి మునిగాడు. మూడోసారి మునగబోతుండగా గోళ్లు చిట్లిన చెయ్యి ఒకటి చీకట్లో వెతుక్కుంటూ వచ్చి అతని గడ్డం కింద ఆనుకుంది. ఆ చేతిలో దయ లేదని అతనికి తెలుసు. అది అతని సాక్ష్యం కోసం వచ్చిన చెయ్యి. అయినా అతని నోటిని నీటికి నాలుగు వేళ్లు పైన, కదలకుండా పట్టి ఉంచింది. ఏరు వాళ్లను హోరు వైపు విసిరికొట్టింది.